గాదిలింగన్న తుపాకి, నా నోరు

జూలై 9, బుధవారం

పొద్దున ఎమ్మిగనూరు పోయి అమ్మ పోగుచేసిన పాత చీరల మూటలు తెచ్చుకున్నాను. స్టీలు గిన్నెలకు పాత చీరలు మార్చడంలో మా అమ్మను కొట్టేవాళ్లు లేరు. ఈసారి పసుపువి, ఎర్రవి ఎక్కువ వచ్చాయి. పొలం చుట్టూ కట్టడానికి అవే మంచివి. గాలికి ఊగితే మనిషి కదిలినట్టు కనబడుతుంది, అడవిపంది ఒక పూటైనా జంకుతుంది.

ఆదోని వచ్చి అంగడి తెరిచేసరికి ఒక కానిస్టేబులు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏం కేసో అనుకున్నాను. తీరా చూస్తే గాదిలింగన్న తుపాకి లైసెన్సు విచారణ.

గాదిలింగన్నది హాలహర్వి పక్క పల్లె. నాలుగెకరాల రైతు. చీరలూ తాళ్లూ టార్పాలిన్లూ అన్నీ మా దగ్గరే కొంటాడు. ఆలూరు రోడ్డులో మా ఆయన మారుతి ఆటో బోల్తా పడిన రోజు దారినపోయే అందరూ చూసిపోతే, ఈయన భుజాన వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. అప్పటినుంచీ నాకు అన్న, నేను ఆయనకు పాప. లైసెన్సు గడువు అయిపోయిందని తుపాకి స్టేషన్లో పెట్టించుకున్నారు. రెన్యువల్‌కు తనను ఎరిగినవాళ్ల పేర్లు రెండు రాయమంటే ఒకటి పక్క పొలం రామాంజిది రాశాడు, రెండోది నాది. "నీకు మాటలొచ్చు పాపా, నువ్వు బాగా సెప్తావు" అన్నాడు.

కానిస్టేబుల్ని కూర్చోబెట్టి టీ తెప్పించాను.

"మనిషి ఎట్లాటోడు?" అన్నాడు.

తుపాకి అంటే అల్లాటప్పా మనుషులకు ఇస్తారా? చిన్నప్పుడు జీపుల్లో తుపాకులు పట్టుకుని తిరిగిన పెద్దోళ్లను చూశాను. వాళ్లు వస్తే ఊరంతా పక్కకు జరిగేది. మా అన్నను వాళ్లకు తక్కువగా ఎందుకు చెప్పాలి?

"ఎట్లాటోడంటే ఏం సెప్పేది సార్! మగోడు. ఆయన లేసి నిలబడితే ఊర్లో ఒక్కరు నోరు లేపరు."

"బయపడతారా?"

"బయపడరా మరి! కోపం వచ్చిందంటే ఆపేటోళ్లు లేరు. పోయినేడు మార్కెట్ యార్డులో తూకంలో మోసం సేసినోన్ని సెంప మీద ఒక్కటి పీకినాడు సూడు, వాడు మల్ల ఆ పక్కకే రాలే."

నిజానికి అన్న పీకలేదు. "మల్ల తూకం ఎయ్యప్పా" అని మళ్లీ మళ్లీ అడుగుతూ, వాళ్లు వేసేదాకా అక్కడే నిలబడ్డాడు, అంతే. అది పోలీసుకు చెప్పే మాటేనా? కొంచెం ఉప్పు వేశాను. వెనక మూట విప్పుతున్న మారుతి దగ్గాడు.

కానిస్టేబులు అంతా రాసుకుని పోయాడు. అన్నకు ఫోన్ చేశాను.

"ఏం సెప్తివి పాపా?"

"నీ గురించి ఏం సెప్పాల్నో అదే సెప్పినా. పని అయిపోయినట్లే, పో."

నవ్వాడు. మంచి పని చేశానని తృప్తిగా ఉంది.

జూలై 10

మారుతి అన్నం తింటూ, "పోలీసుకు సెప్పినట్లు లేదు, పెళ్లి సంబంధానికి సెప్పినట్లు సెప్తివి" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆగస్టు 18, సోమవారం

కాదన్నారు.

అన్న కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. మొత్తం చదివితే ఉన్నది ఒక్క వాక్యం. ప్రజా ప్రయోజనాల దృష్ట్యా తిరస్కరించడమైనది. కింద సంతకం, ముద్ర.

"ప్రెజలంటే ఎవరు పాపా?" అన్నాడు అన్న. "ఇరవై ఏండ్లు నా కాడుండె ఆ తుపాకి. ఒక మనిసి మీదికి ఎత్తినానా? జింకల జోలికి పోకూడదని సట్టం, నేను పోలే. పొద్దుగూకినాక ఆకాశంలోకి ఒకటి పేలిస్తే ఆ రాత్రికి పందులు రావు. నా సేనూ రామాంజి సేనూ రెండూ బతుకుతాయి. అదీ తప్పేనా?"

ఆయన చెమట తుడుచుకుంటున్నాడు. ఏదో ఒకటి అనాలి కదా.

"ఎవరో గిట్టనోళ్లు సెప్పింటారన్నా" అన్నాను.

అన్న తలెత్తి చూశాడు. "నాకు గిట్టనోళ్లు ఎవరుండారు?"

"ఏమో. లోకం ఎట్లుండాదో."

వాదిరాజ వకీలు దగ్గరికి తీసుకుపోతానని చెప్పాను. మంత్రాలయం వాళ్లు, ఆదోనిలోనే ప్రాక్టీసు. వాళ్లావిడ నా దగ్గర టార్పాలిన్ కొంటుంది. తెలిసిన మనిషి ఉంటే పనులు అవుతాయి.

ఆగస్టు 20

వాదిరాజ గారు కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి నవ్వారు.

"కాదనే అధికారం వాళ్లకుంది గాదిలింగప్పా. ఊరికే కాదనే అధికారం లేదు. ఎందుకు కాదన్నారో రాయాలి, నువ్వు అడిగితే ఇవ్వాలి. నీ మీద కేసులేమైనా ఉన్నాయా?"

"లేవు సామీ."

"తాగుడు?"

"ఆయనా! జాతరలో కూడా మజ్జిగ తాగుతాడు సార్" అన్నాను.

"నిన్ను కాదమ్మా అడిగింది" అన్నారు. అందరం నవ్వాం. నా మాటల వల్లే ఆ గదిలో అన్న కొంచెం తేలికపడ్డాడు. ఆ మాత్రం ఉపకారం నేను చేయగలను.

ముందు కారణాలు అడుగుతూ ఉత్తరం, తర్వాత పై అధికారికి అప్పీలు.

సెప్టెంబర్ 6, శనివారం

కారణాలు వచ్చాయి.

వాదిరాజ గారు పైకి చదివారు. పోలీసు విచారణలో తేలినది ఏమనగా, సదరు వ్యక్తి కోపిష్టి స్వభావం గలవాడు. గ్రామంలో ప్రజలు అతనికి భయపడుచున్నారు. మార్కెట్ యార్డులో ఒక వ్యక్తిపై చేయి చేసుకున్నాడు. కావున ఆయుధం ఇచ్చుట ప్రజాశాంతికి భంగకరము.

గోడ మీద క్యాలెండర్ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఈ నెలలో ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో అన్నీ చదివాను.

"నేను ఎవరిని కొడితిని?" అన్నాడు అన్న. గట్టిగా కూడా అనలేదు. తర్వాత, "ఇద్దరి పేర్లే గదా ఇచ్చింటి. నువ్వు, రామాంజి" అన్నాడు.

క్యాలెండర్ మీద నుంచి కళ్లు తీయలేదు.

"నువ్వంటే ఇంటి ఆడబిడ్డవి. ఇంక వాడే" అన్నాడు.

నా పేరు ఎత్తిందే పక్కన పెట్టడానికి. అన్న భార్య హనుమంతమ్మ వదిన పక్కనుంచి, "గట్టు కాడ తుమ్మసెట్టు మనం కొట్టేసినప్పుడు మొగం ముడుసుకున్యాడు గదా రామాంజి. అది మనసులో పెట్టుకున్యాడేమో" అంది. అది ఎప్పటిదో చెట్టు. ఆ చెట్టు కొట్టేశాక కూడా ఇద్దరూ కలిసే కావలి కాశారు, కలిసే తిన్నారు.

నేను ఏమీ అనలేదు. నిజంగానే ఏమీ అనలేదు. అవునని కూడా అనలేదు.

సెప్టెంబర్ 7

మారుతితో గొడవ. సెప్పాల్సింది సెప్పెయ్ అంటాడు. "అవి నీ మాటలే గదా. నేను ఈడే ఉంటిని, నా సెవులతో వింటిని" అంటాడు.

నేను చెప్పింది ఒకటి, వాళ్లు రాసుకుంది ఒకటి అన్నాను. నేను పొగిడాను. పొగిడినదాన్ని వాళ్లు తిప్పి రాస్తే అది నా తప్పా?

"ఆ మాట ఆయనతోనే సెప్పు మరి" అన్నాడు. పడుకున్నాడు.

సెప్టెంబర్ 8

రేపు చెప్తాను.

సెప్టెంబర్ 12

శనక్కాయ కాలం, టార్పాలిన్లకు ఒకటే రద్దీ. హాలహర్వి పోవడానికి తీరలేదు. ఫోన్లో చెప్పే మాట కాదు ఇది. అప్పీలు వేసేశారు. అప్పీలు గెలిస్తే ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

సెప్టెంబర్ 25, గురువారం

హనుమంతమ్మ వదిన వచ్చింది. ఒక్కతే. ఇంకో మూట చీరలు కావాలంది. మొన్న పౌర్ణమికి కట్టినవి పందులు చించేశాయట.

"ఏం సెప్పేదమ్మే. శెనక్కాయ ఊరి గింజ పట్టే టైము. ఒక్కో సెట్టు పెరికి, కాయ నమిలి, తొక్కి పోతాండాయి. పొద్దున పోయి సూస్తే సేను దున్నినట్లుండాది."

"రామాంజన్న వాళ్లు కావలికి రారా?"

వదిన నన్ను వింతగా చూసింది. "నీకు తెలీదా? ఈయప్ప గట్టు మీద నిలబడి, మీ యింట్లో తిని పెరిగినందుకు బాగానే సేస్తివి రామాంజీ, నన్ను రౌడీని సేస్తివి అని నలుగురు వింటుండంగా అనె. రామాంజి నోరే తెరవలే. మంచం నెత్తిన పెట్టుకుని ఆ సివరకి పాయె. ఇప్పుడు ఈయప్ప ఈ సివర, ఆయప్ప ఆ సివర. ఒకరు పండుకుంటే ఒకరు రేకు డబ్బా కొట్టేటోళ్లు. ఇప్పుడు ఇద్దరికీ నిద్ర లేదు, ఇద్దరి సేన్లూ పాయె."

ఇంట్లో తిని పెరగడం అంటే ఇది: గాదిలింగన్న పసివాడప్పుడే తల్లి పోయింది. రామాంజి వాళ్లమ్మ సుంకమ్మవ్వ ఇద్దరినీ ఒకే కంచంలో పెట్టి పెంచింది.

చీరల మూటలో రెండు ఎక్కువ పెట్టాను. వదిన చూసి, "నీ మనసు సల్లగుండ" అంది.

ఆ మాట వద్దనిపించింది. వద్దని కూడా అనలేదు.

సెప్టెంబర్ 26

ఇంత దూరం పోయాక ఇప్పుడు చెప్తే, ఇన్ని రోజులు ఏం చేశావంటారు. ముందే చెప్పి ఉంటే బాగుండేది. ముందు చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చెప్పలేను. రాసుకుంటుంటే నాకే అసహ్యంగా ఉంది కానీ లెక్క మాత్రం అదే.

అక్టోబర్ 10, శుక్రవారం

సుంకమ్మవ్వ పోయింది.

ఫోన్ రాగానే మారుతి ఆటో తీశాడు.

వాళ్లలో పూడ్చడమే ఆచారం. పొలం అంచున గుంత తీశారు. అయినవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు మూడు పిడికిళ్లు మన్ను వేయాలి. కొడుకు ముందు వేస్తాడు. అవ్వ ఎప్పుడూ నాకు ఇద్దరు కొడుకులు అనేది, అందుకని ఊరంతా ఇద్దరు కొడుకులు వేస్తారనే అనుకున్నారు.

దించారు. రామాంజి గుంత పక్కన నిలబడి దారి వైపు చూస్తున్నాడు. ఎండ మొహం మీద పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గాదిలింగన్న పొలం అక్కడికి కనబడుతుంది. పొలంలో మనిషి కూడా కనబడుతున్నాడు, వంగి ఏదో పని చేసుకుంటున్నాడు.

పెద్దాయన ఒకరు, "ఇంకా రావాల్సినోళ్లు ఎవరన్నా ఉండారా రామాంజీ?" అన్నారు.

"ఉండారు" అన్నాడు.

అందరూ ఆగారు. ఆడవాళ్లు ఏడవడం కూడా తగ్గించారు. పొలంలో మనిషి నడుం ఎత్తాడు, ఇటు చూశాడు, మళ్లీ వంగాడు.

పెద్దాయన మళ్లీ అడిగారు.

"ఎవరూ లేరు. కానియ్యండి" అన్నాడు రామాంజి.

నేను అక్కడే ఉన్నాను. రామాంజికీ నాకూ మధ్య ఇద్దరు మనుషులు. పొలం దాకా పరుగెత్తితే అన్న దగ్గరికి చేరేదాన్ని. "అన్నా, వాడు కాదు, నేను, వచ్చి మన్నెయ్యి" అంటే అయిపోయేది. నోరు అన్నింటికీ లేస్తుంది నాకు. బస్టాండులో, బజారులో, పోలీసు ముందు. అక్కడ లేవలేదు.

నా వంతు వచ్చింది. మూడు పిడికిళ్లు వేశాను.

అక్టోబర్ 11

అంగడి తెరవలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

అక్టోబర్ 19

మారుతి ఆ విషయం ఎత్తడం మానేశాడు. తిట్టినా బాగుండు.

అక్టోబర్ 27, సోమవారం

అయిపోయింది. ఎలా అయిందో వరసగా రాసుకుంటాను, లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

అప్పీలు విచారణకు ముందు ప్రమాణపత్రం వేయాలని వాదిరాజ గారు పిలిచారు. అన్న, వదిన, నేను. ఆయన టైపు చేయించిన కాగితం ముందు పెట్టుకుని చెప్పారు. "పొలం గట్టు విషయంలో నీకూ రామాంజికీ పాత తగాదా ఉందని, ఆ కక్షతో అతను పోలీసులకు అబద్ధం చెప్పాడని రాశాను. పక్షపాతంతో చెప్పిన మాట మీద లైసెన్సు కాదనడం చెల్లదని మన వాదన. ఒప్పయితే సంతకం పెట్టు."

అన్న తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. సంతకం పెట్టే ముందు ఎప్పుడూ అలాగే తుడుచుకుంటాడు. పెన్ను తీసుకున్నాడు.

"అన్నా, పెట్టద్దు" అన్నాను.

"ఏమ్మా?" అన్నారు వాదిరాజ గారు.

"రామాంజన్న కాదు సార్. ఆ మాటలు సెప్పింది నేను."

అన్న నవ్వాడు. అదే నన్ను చంపింది. "ఈ పాప ఎప్పుడూ ఇంతే సామీ, తమాసాలు" అన్నాడు.

అప్పుడు కానిస్టేబులుకు చెప్పినవన్నీ చెప్పాను. మగోడు అన్నది, నోరు లేపరు అన్నది, యార్డులో చెంప మీద పీకాడు అన్నది. అదే గొంతుతో, అదే చెయ్యి ఊపుతూ. సగంలో ఆయన నవ్వు ఆగిపోయింది.

"నేను ఎవరిని కొడితిని పాపా?"

"ఎవర్నీ కొట్టలేదన్నా."

"మరి ఏంటికి సెప్తివి?"

"గొప్పగా ఉంటాదని. గట్టోడు అంటేనే తుపాకి ఇస్తారనుకొంటి."

ఫ్యాన్ తిరుగుతోంది. కాగితం ఎగరకుండా వాదిరాజ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

హనుమంతమ్మ వదిన చాలా మెల్లగా అడిగింది. "అవ్వను పూడ్సే రోజు నువ్వు ఆడనే ఉంటివి గదమ్మే."

"ఉంటి."

"మన్ను కూడా ఏస్తివి."

"ఏస్తి."

"అప్పుడన్నా సెప్పకూడదా తల్లీ?"

భయం వేసింది వదినా అని అనబోయాను. భయం కాదు. అందరి ముందూ చిన్నబోతానని. నన్ను మంచిదంటున్నారు కదా, అది పోతుందని. అంతే. అంత చిన్నదానికి.

అన్న పెన్నుకు మూత పెట్టి బల్ల మీద పెట్టాడు. మెట్లు దిగిపోయాడు. వదిన వెనకే పోయింది.

వాదిరాజ గారు ఆ కాగితాన్ని నాలుగుగా చింపారు. "దీనిమీద సంతకం పడి ఉంటే ఆ రామాంజి మీద అబద్ధం అధికారుల రికార్డులో నిలిచిపోయేది" అన్నారు. తర్వాత, "ఇంటికి పోమ్మా" అన్నారు. ఆయన తిట్టలేదు. ఇవాళ నన్ను ఎవరూ తిట్టలేదు.

నవంబర్ 4, మంగళవారం

రామాంజి దగ్గరికి పోయాను. మారుతి వస్తానన్నాడు, వద్దన్నాను.

కళ్లంలో శనక్కాయ రాలుస్తున్నాడు. ఎప్పుడూ ఉండే కుప్పలో సగం కూడా లేదు. ఆయన భార్య గౌరి చెంబుతో నీళ్లిచ్చి లోపలికి పోయింది. నిలబడే చెప్పాను. వింటూనే కొమ్మలు విదిలిస్తున్నాడు.

"తెలుసులే. నిన్న గాదిలింగన్న వచ్చినాడు. గుమ్మం కాడ నిలబడి సెప్పినాడు. నేను లోపలికి రమ్మనలే."

"తప్పు నాది రామాంజన్నా. ఆయనను ఏమీ అనుకోవద్దు."

"నీది నీదే" అన్నాడు. "నువ్వు నోరు జారితివి. తర్వాత నోరు మూసుకుంటివి. రెండూ తప్పే. గానీ నువ్వు నాకు ఏమైతావు? అంగడామెవు. ఆయన నాకు ఏమైతాడు? రామాంజీ, నువ్వే సెప్పినావా అని ఒక్క మాట అడిగింటే, లేదన్నా అని సెప్పేటోన్ని. అడగకనే నమ్మినాడు. అది నువ్వొచ్చి మొక్కుకుంటే పోయేదా?"

నేను ఏడ్చాను. నా ఏడుపు వల్ల ఆయన పని ఆగిపోతోందని తెలుస్తూనే ఉంది.

"మా యమ్మ ఆఖర్న రెండు దినాలు గాదిలింగడు రాలేదా అని అడుగుతానే ఉండె. సేన్లో ఉండాడు, వస్తాడులే అని సెప్తి" అన్నాడు. "నేనూ అబద్ధం సెప్పినా సూడు. పో తల్లీ, ఎండెక్కుతాంది."

బస్సులో పక్కనామె ఏ ఊరు, ఏం పని అని అడిగింది. నిద్ర వస్తున్నట్టు కళ్లు మూసుకున్నాను.

నవంబర్ 14, శుక్రవారం

ఇవాళ అప్పీలు విచారణ. వీడియోలో. వాదిరాజ గారి గదిలో ల్యాప్‌టాప్ ముందు అన్న కొత్త చొక్కా వేసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కూర్చోవచ్చు గాదిలింగప్పా, వాళ్లకు నీ మొహమే కనబడాలి" అంటున్నారు వాదిరాజ గారు. నన్ను రమ్మని ఎవరూ చెప్పలేదు. మెట్ల మీద కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది, మాటలు వినబడ్డాయి.

వాదిరాజ గారు ముందు నా సంగతి చెప్తారనుకున్నాను. నన్ను లోపలికి పిలుస్తారని, అన్నీ ఒప్పుకోవాలని, రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన అది ఎత్తనే లేదు.

తారీఖులు చదివారు. కాదంటూ సంతకం పెట్టింది ఆగస్టు పదకొండున. పోలీసు నివేదిక ఆ ఆఫీసుకు చేరింది ఆగస్టు పద్నాలుగున, ముద్ర ఉంది. "నివేదిక రాకముందే దాని ఆధారంగా ఎలా కాదన్నారండీ?" తర్వాత చిప్పగిరి రైతుది ఒకటి, మద్దికెర రైతుది ఒకటి, అవే రోజుల్లో వచ్చిన తిరస్కరణలు చూపించారు. అదే వాక్యం, పేరు మాత్రం మార్చారు. "కారణం అడిగాక కారణం వెతికారు. ఈయనను ఒక్కసారి పిలిచి అడగలేదు."

అవతలి వైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు. పై అధికారి ఒక ఆడమనిషి. "ఈ ఉత్తర్వును పక్కన పెడుతున్నాను. దరఖాస్తుదారుడి మాట విని, కొత్తగా విచారణ చేయించి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి" అంది.

వాదిరాజ గారు బయటికి వచ్చి నన్ను చూసి ఆగారు. "నువ్వు చెప్పినవి వాళ్ల బల్ల మీదికి చేరకముందే కాదన్నారమ్మా. అసలు చదవనే లేదు" అన్నారు. ఓదార్పుగానే అన్నారు.

ఒక్క క్షణం సంతోషం వేసింది. రాసుకోవాలి, వేసింది. నా వల్ల కాదు, లైసెన్సు పోయింది నా వల్ల కాదు అని మెట్ల మీద కూర్చునే నవ్వొచ్చింది.

ఆ వెంటనే అన్న బయటికి వచ్చాడు. నా పక్కనుంచే దిగాడు. మెట్లు ఇరుకు, ఆయన పంచె అంచు నా భుజానికి తగిలింది. జరగమని కూడా అనలేదు.

నవంబర్ 15

ఆ మాటల వల్ల ఏమీ కాలేదట. ఎవరూ చదవలేదట. చదివింది మేమే, వాదిరాజ గారి గదిలో, సెప్టెంబర్లో. అక్కడ నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. తుపాకిని ఆఫీసు ఆపింది. సుంకమ్మవ్వ కొడుకును ఆపింది నేను.

నవంబర్ 30

ఎమ్మిగనూరులో అమ్మ, "ఏమే, గాదిలింగడు కనబడడు ఈ మద్దిన?" అంది. పనులున్నాయని చెప్పాను.

డిసెంబర్ 19, శుక్రవారం

హనుమంతమ్మ వదిన అంగడికి వచ్చింది. రబీలో శనగ వేశారట, చుట్టూ కట్టడానికి చీరలు కావాలి. రోడ్డు అవతల అద్దె ఆటోలో అన్న కూర్చుని ఉన్నాడు. ఇటు చూడలేదు.

నాకు అడిగే హక్కు లేదు. అయినా అడిగాను, కొత్త విచారణ ఏమైందని.

"మల్ల రెండు పేర్లు రాయమనిరి" అంది వదిన. "మొదటిది రామాంజి పేరే రాసె. వద్దంటి నేను. మాట్లాడని మనిషి ఏం సెప్తాడో అంటి. నన్ను ఎరిగినోడు వాడొక్కడే గదే, ఇంకెవర్ని రాసేది అనె."

"రెండోది?"

"బడి అయ్యవారిది."

చీరలు మడత పెడుతున్నాను. చేతులకు పని ఉండటం మంచిదైంది.

"నిన్న వచ్చినారు పోలీసులు. రామాంజి గట్టు మీదనే ఉండె. నేను ఇవతల శనగలో కలుపు తీస్తాంటి, అంతా వినబడె. మనిసి ఎట్లాటోడు అని అడిగిరి."

"ఏం సెప్పినాడు?"

వదిన ఎర్రచీర ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసింది, చిరుగులున్నాయేమోనని.

"మా యమ్మ సస్తే మన్నెయ్యనీకి రాలేదు సార్ ఆయప్ప. నేను ఆయప్పతో మాట్లాడను అనె. నేను కలుపు తీసేది ఆపేస్తి. మల్ల తానే అనె: గానీ సెయ్యెత్తే మనిసి కాదు. నేను పుట్టినకాడ్నుంచి సూస్తాండా, ఎవరి మీదా ఎత్తలే. తుపాకి ఇయ్యండి, పందులు నా సేన్లోకీ వస్తాండాయి అనె."

నేను తల ఎత్తలేదు.

"ఆ పోలీసాయన వదల్లే. ఊరంతా ఆయనకు బయపడతారని పోయినసారి ఎవరో సెప్పినారే అనె."

చీర నా చేతుల్లోనే ఉంది.

"రామాంజి ఏమన్యాడు వదినా?"

"ఆయప్పను ఎరగనోళ్లెవరో సెప్పింటారు సార్ అనె. అంతే. మల్ల పార ఎత్తుకుని పాయె."

వదిన చీరలకు డబ్బులు ఇచ్చింది. తీసుకున్నాను. మూట కట్టాను. "నేను తెచ్చి ఆటోలో పెడతా వదినా" అన్నాను.

"వద్దులేమ్మా. ఆయన ఉండాడు గదా" అంది.

మారుతి వచ్చి మూట భుజానికెత్తుకుని రోడ్డు దాటాడు. అన్న దిగి, మారుతి భుజం మీద చెయ్యి వేసి ఏదో అడిగాడు. మారుతి నవ్వుతూ ఏదో చెప్పాడు. ఇద్దరూ కలిసి మూటను ఆటోలోకి తోశారు. ఏం మాట్లాడుకున్నారో ఇక్కడికి వినబడలేదు. నేను లోపలే ఉండి, ఇంకో మూట విప్పాను.